నాన్నకు తప్పు చెప్పని టీచరమ్మ

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది పియానోయే అంటాడు టీచరమ్మ భర్త. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె ఇంకా తన టీ కూడా పెట్టుకోకముందే పియానో మూత తెరిచి, మెత్తటి గుడ్డతో మెట్లన్నీ తుడిచి, ఏదైనా మెట్టు కిందికి దిగి పైకి రానని మొరాయిస్తోందేమోనని ఒక్కొక్కటే నొక్కి చూస్తుంది. పిల్లల కాళ్ళు నేలకు అందవు కాబట్టి వాళ్ళ కోసం ఒక చెక్కపెట్టె ఉంది. ఆదివారం వచ్చేవాళ్ళంతా పెద్దవాళ్ళే. అందుకని దాన్ని కాలితో బల్ల కిందికి తోసేస్తుంది.

పిల్లలకు పియానో నేర్పేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. తల నెరిశాక వచ్చి కూర్చున్నవాళ్ళకు నేర్పడంలో మాత్రం టీచరమ్మది అందె వేసిన చెయ్యి. తప్పు వాయిస్తే చిన్నపిల్లలకు నవ్వొస్తుంది, పెద్దవాళ్ళకు సిగ్గొస్తుంది. ఆ సిగ్గు వేళ్ళలోకి దిగిందంటే వేళ్ళు కర్రపుల్లలైపోతాయి. అది ఆమెకు బాగా తెలుసు. అందుకే మొదటి రోజే ఇంటికి పట్టుకెళ్ళడానికి బుల్లి పాట ఒకటి చేతిలో పెడుతుంది. పాట చివర నుంచి మొదలుపెట్టిస్తుంది, ముగింపు వస్తే ధైర్యం వస్తుందని. ముందు ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి, ఆ తర్వాతే రెండూ కలిపి. ఎక్కడ తప్పిందో మొహం మీదే చెబుతుంది. "పెద్దవాళ్ళకు తప్పును తప్పని చెప్పడమే మనమిచ్చే మర్యాద" అంటుంది, కొత్తగా పాఠాలు చెప్పేవాళ్ళెవరైనా సలహా అడిగితే.

"మామయ్యగారి బస్సొచ్చే వేళయింది. బిస్కెట్లు బయట పెట్టనా, దాచెయ్యనా?" వంటింట్లోంచి అడిగాడు భర్త. రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగం అతనిది. వారంలో సగం రోజులు పట్టాల మీదే ఉంటాడు. కూతురు చదువుకని హాస్టల్లో చేరాక, అతను డ్యూటీకి పోతే ఇంట్లో ఆవిడా, పియానో మిగులుతారు.

"ముందు ఆ చిరుగుల బనీను మార్చండి. పాఠానికొచ్చేవాళ్ళు చూస్తే నా పరువు పోతుంది."

"మామయ్యగారు చూడని బనీనా ఇది? ఆయనిచ్చిందే కదా!"

తలుపు చప్పుడైంది. రంగులు వేసే పనిలో జీవితమంతా గడిపిన మనిషి టీచరమ్మ తండ్రి. పని మానేసి ఏడాది దాటినా ఆయన గోళ్ళ అంచుల్లో ఇంకా ఎవరింటి గోడలదో నీలం రంగు మిగిలే ఉంది. భార్య పోయిన రోజే నిచ్చెన దిగేశాడు. మా దగ్గరే ఉండిపో నాన్నా అని కూతురు ఎంత బతిమాలినా, "నా ఇంటి తాళం నా జేబులోనే ఉండనీ అమ్మడూ" అన్నాడు. అలాంటిది ఒకరోజు ఆయనంతట ఆయనే "ఆ పెట్టె వాయించడం నాకూ నేర్పుతావా?" అని అడిగేసరికి టీచరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆయన ఇంట్లో పెట్టుకోవడానికి కరెంటుతో పలికే చిన్న కీబోర్డు ఒకటి కొనిచ్చింది. అప్పటి నుంచీ ప్రతి ఆదివారం మొదటి పాఠం నాన్నదే.

ఆయన సంచిలోంచి పుస్తకం తీశాడు. చిన్నపిల్లల పుస్తకం, అట్ట మీద డోలు వాయించే ఎలుగుబంటి బొమ్మ. బస్సులో ఎవరైనా చూస్తారని దానికి పాత పేపరుతో అట్ట వేసుకున్నాడు.

"మణికట్టు బిగబట్టకు నాన్నా. బ్రష్షు పట్టుకున్నప్పుడు ఎంత వదులుగా ఉంటుంది? అలా ఉంచు."

"బ్రష్షుతో తేడా వస్తే పైన ఇంకో పూత వేస్తాం. ఇక్కడ పూతేదీ?"

"పూత వెయ్యడానికి నేను లేనూ!" అంటూ నవ్వి ఆమె బెంచీ మీద ఆయనకు ఎడమ పక్కన సర్దుకుంది.

ఆయన కుడిచేతి ఐదు వేళ్ళు ఐదు మెట్ల మీద నెమ్మదిగా నడవసాగాయి. ఎడమవైపున్న కింది స్వరాల మెట్ల మీద ఆమె రెండు చేతులూ ఆ నడకకు తోడు వెళ్ళాయి. అంతే, ఐదే ఐదు స్వరాలు పెద్ద పాటైపోయాయి, గదంతా నిండిపోయింది. ఆయన తడబడితే ఆమె ఆగేది. ఆయన తొందరపడితే ఆమె పరుగెత్తేది. ఆయన వేలు పక్క మెట్టు మీద పడితే, ఆ మెట్టుకు కుదిరేలా తన చేతులు క్షణంలో మార్చేసేది. వినేవాళ్ళకు అక్కడొక తప్పు జరిగిందని తెలియనే తెలియదు. వాయించినాయనకూ తెలియదు.

"అదిరిపోయింది మామయ్యగారూ! రేపు టికెట్లు పెట్టి హాలు తీసుకుందాం!" బనీను మార్చుకొచ్చిన అల్లుడు చప్పట్లు కొట్టాడు.

ఆయన నవ్వలేదు. "అమ్మడూ, సరిగ్గానే వాయించానంటావా?"

"బ్రహ్మాండంగా వాయించావు."

"మధ్యలో ఎక్కడో కాలు జారినట్టనిపించింది."

"అదేం లేదు నాన్నా. బాగా వచ్చింది."

ఆయన ఆమె వైపు చూశాడు. పైకి నున్నగా ఉండి లోపల చెమ్మ పట్టిన గోడను చూసినట్టుంది ఆ చూపు. తర్వాత పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు.

ఆలోగా రెండో పాఠానికి పళ్ళ డాక్టరమ్మ వచ్చేసింది. ఆవిడ ఆయన కంటే చాలా నెలలు వెనక మొదలుపెట్టింది. మామూలుగా అయితే నాన్న బిస్కెట్లు తిని, అల్లుడితో నాలుగు మాటలాడి వెళ్ళిపోయేవాడు. ఆరోజు మాత్రం నడవాలో బూట్లు తొడుక్కోవడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

లోపల నుంచి కూతురి గొంతు వినిపిస్తోంది. ఆయనెప్పుడూ వినని గొంతు.

"ఆగండి డాక్టరమ్మా. మీ ఎడమ చెయ్యి నిద్రపోతోంది."

"ఏం చెయ్యనండీ! ఇన్నేళ్ళూ నోట్లో అద్దం పట్టుకుని నిలబడటమే కదా దాని ఉద్యోగం."

"ఇప్పుడు ఉద్యోగం మారింది. ఆ చివరి ముక్క ఒక్కటే వాయించండి. పైకి లెక్కపెడుతూ. ఊఁ... తప్పు. నాలుగో వేలు కాదు, మూడో వేలు. మళ్ళీ. తప్పొస్తే ఆగిపోకండి, లెక్క నడవనీండి. మళ్ళీ."

"మీరు నా కుర్చీలో కూర్చునే రోజు రాకపోదు. బాగున్న పన్ను కూడా పీకేస్తా."

"పీకుదురుగాని. ముందు వాయించండి."

చాలాసేపు అదే ముక్క. కుంటుతూ, ఆగుతూ, మళ్ళీ కుంటుతూ. చివరికి రెండు చేతులూ కలిసి ఆ చిన్న దారి దాటాయి. ఎవరి సాయమూ లేదు. "వచ్చేసింది!" అని డాక్టరమ్మ చిన్నపిల్లలా కేక పెట్టింది. నడవాలో ఒక బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకున్న నాన్న చప్పుడు చెయ్యకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు.

"ఒంట్లో బాగోలేదా నాన్నా?" ఫోన్లో అడిగింది టీచరమ్మ.

"బాగానే ఉంది."

"మరి రాలేదే?"

"పనుంది."

ఏం పనో చెప్పలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. భర్త డ్యూటీలో ఉన్నాడు. నాన్న పాఠం వేళకు టీచరమ్మ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. బయటి గుమ్మం మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా లేచేది. ఆ కాస్త వేళా అంత పొడుగుంటుందని ఆమె అనుకోలేదు. నాన్న కోసం తెచ్చిన బిస్కెట్లు ఆమె ఒక్కతే తింది.

ఇక ఉండబట్టలేక, పాఠాలు లేని ఒక మధ్యాహ్నం బస్సెక్కి తండ్రి ఇంటికి బయల్దేరింది. పాత మేడలో వెనక వైపు వాటా ఆయనది. తలుపు దాకా వెళ్ళి తట్టబోయి ఆగింది. లోపల కీబోర్డు పలుకుతోంది. అవే ఐదు స్వరాలు. కింద తోడు లేకుండా విడివిడిగా, నేల మీద జారిపడ్డ గుండీల్లా ఉన్నాయి. ఒక చోట తప్పాయి. ఆగాయి. మొదటి నుంచి మళ్ళీ మొదలై, మళ్ళీ అక్కడే తప్పాయి. తప్పెక్కడుందో ఆయనకు తెలియడం లేదు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఆమె తలుపు తట్టింది.

"నువ్వా! ఇలా ఎండనపడి వచ్చావేమ్మా?"

"పాఠం మానేస్తే కనుక్కోవడానికి రాకూడదా?" చెప్పులు విడుస్తూనే అందుకుంది. "నేనేం తప్పు చేశానని మానేశావు నాన్నా? మనసులో ఏదో పెట్టుకుని పనుందని సాకులు చెబుతావేం?"

నాన్న కుర్చీ చూపించాడు. తను మంచం అంచున కూర్చున్నాడు. ఇల్లు శుభ్రంగానే ఉంది. ఒకే పళ్ళెం, ఒకే గ్లాసు కడిగి బోర్లించి ఉన్నాయి. గోడలకు ఎప్పటిదో రంగు పెచ్చులూడుతోంది. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ రంగులేసిన మనిషి తన ఇంటి గోడను పట్టించుకోవడం మానేశాడు.

"నువ్వు నాకు నేర్పడం లేదమ్మడూ. నన్ను ఆడిస్తున్నావు."

"నేనా?"

"ఆ డాక్టరమ్మగారికి ఎన్నిసార్లు తప్పు అన్నావో విన్నాను. నాకు ఇన్నాళ్ళలో ఒక్కసారైనా అన్నావా? అక్కడ నీ పక్కన కూర్చుంటే మహా వాయించేస్తున్నాననిపిస్తుంది. ఇంటికొచ్చి కూర్చుంటే ఏముంది? టిక్కు టిక్కు. ఎలుక కొరికినట్టు. పాటంతా నీ చేతుల్లో ఉండిపోయింది. నాకేం మిగిలింది?"

"తోడు వాయించడం కూడా నేర్పే పద్ధతేగా నాన్నా. మొదట్లో అందరికీ..."

"మొదట్లో! ఆవిడ నా వెనకొచ్చి ముందుకెళ్ళిపోయింది. నేనింకా ఆ ఎలుగుబంటి దగ్గరే ఉన్నాను."

టీచరమ్మకు ఒళ్ళు మండింది. నిజం తగిలితే అంతే కదా, ముందు కోపమే వస్తుంది. "ఆవిడతో నీకు పోటీ ఏమిటి? ఈ వయసులో కచేరీలు చెయ్యాలా నువ్విప్పుడు? కాస్త పొద్దుపోతుంది, నలుగురిలో ఉంటావు అనే కదా నేను..."

మాట నోరు దాటాక గానీ ఎంత మాటన్నదో తెలియలేదు. నాన్న తల వంచుకుని తన గోళ్ళ కేసి చూసుకున్నాడు.

"పొద్దుపోవడానికా? పొద్దుపోవడానికి రేడియో ఉందమ్మా. అది పెడితే పక్కింటివాళ్ళు మాట్లాడుకుంటున్నట్టుంటుంది. నా చేత్తో నేను చప్పుడు చేస్తే, ఈ ఇంట్లో నేనున్నట్టుంటుంది. అందుకడిగాను నేర్పమని."

ఆమె చూపు మూలనున్న కీబోర్డు మీద పడింది.

"మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ పొద్దున లేస్తే సాధింపే. తువ్వాలు అక్కడ పడేశావ్, పంపు కట్టలేదు, ఆ చొక్కాకి ఆ ప్యాంటేమిటి అని. ప్రాణం విసిగిపోయేదనుకో. ఇప్పుడు తువ్వాలు ఎక్కడ పడేసినా అడిగే దిక్కు లేదు. అందరూ నన్ను చూసి జాలిగా నవ్వుతారు. సరే, బయటివాళ్ళు. నువ్వు కూడా తప్పు పట్టకపోతే ఇంకెవరు పడతారమ్మడూ?"

"అమ్మ పోయి నువ్వు అప్పటికే కుంగిపోయి ఉన్నావు నాన్నా. తప్పు అని నేనెలా అనగలను?"

"ఏం, కుంగిపోయినవాడికి చెవులుండవా?" ఆయన గొంతు పెద్దదైంది. వెంటనే తగ్గింది. "వెళ్ళమ్మా. చీకటి పడకముందే ఇంటికి చేరు. ఆదివారం ఇక నా కోసం చూడకు. ఆ వేళకి నేర్చుకోవాలనుకునేవాళ్ళని ఇంకెవరినైనా పెట్టుకో."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె పక్కవాళ్ళకు కనపడకుండా కళ్ళు తుడుచుకుంది. ఇంటికొచ్చేసరికి భర్త డ్యూటీ దిగి బ్యాగు సర్దుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పింది. మామయ్యదే తప్పని అంటాడేమో, అంటే బాగుండుననుకుంది.

అతను చొక్కాలు మడతపెట్టడం ఆపలేదు. "ఒకటి అడుగుతా, కోప్పడవుగా?"

"అడిగాక చెబుతా."

"నువ్వు ఇంకెవరి పక్కనైనా బెంచీ మీద అంతసేపు కూర్చుని వాయించడం నేను చూడలేదు. పిల్లలకైనా సరే, కాసేపు వాయించి లేచి కుర్చీలోకి వెళ్ళిపోతావు. మామయ్యతో మాత్రం లేవవే?"

"ఆయనకి ధైర్యంగా ఉంటుందని."

"ఆయనకా?" అని ఊరుకున్నాడతను. జోకు వెయ్యలేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

అతను స్నానానికి వెళ్ళాక టీచరమ్మ పియానో ముందు కూర్చుంది. నాన్నతో వాయించే పాట తీసి, తన వరస వాయించడం మొదలుపెట్టింది. పైన ఆయన స్వరాలు లేవు. కింది మెట్ల మీద ఆమె చేతులు నిండుగా, తీరుగా, ఎవరి కోసమో చోటు వదులుతూ నడిచాయి. అంత ఒడుపుగా వాయించినా అది పాట కాలేదు. విస్తరి వేసి, నీళ్ళు పెట్టి, వచ్చేవాళ్ళు ఎవరూ లేని పంక్తిలా ఉంది.

ఆమె చేతులు ఆగిపోయాయి. వారమంతా పదిమంది వచ్చి వాయిస్తారు, ఆమె వింటుంది. వాళ్ళు వెళ్ళిపోతారు. అమ్మ పోయాక, కూతురు హాస్టల్‌కి వెళ్ళాక, ఆమెతో కలిసి వాయించింది నాన్న ఒక్కడే. ఆయనకు రెండో చెయ్యి వస్తే తనతో పని ఉండదు. ఆయనకు నేర్పకూడదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కానీ నేర్పలేదు. ఓదార్పు ఆయనకనుకుంటూ ఇన్నాళ్ళూ తనే ఓదార్పు పొందింది. మూత మూసి, దాని మీద తల వాల్చి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. భర్త తల తుడుచుకుంటూ వచ్చి చూసి, పక్కనే నేల మీద కూర్చున్నాడు.

మర్నాడు ఆమె తండ్రికి ఫోన్ చేసింది.

"ఆదివారం తొమ్మిదింటికి పాఠం. ఐదు నిమిషాలు ఆలస్యమైనా తలుపు తియ్యను. గోళ్ళు కత్తిరించుకుని రావాలి. ఆ ఎలుగుబంటి పుస్తకం అక్కర్లేదు."

"ఏంటమ్మడూ, అలా కసురుతున్నావు?"

"నా దగ్గర నేర్చుకునేవాళ్ళందరితో ఇలాగే మాట్లాడతాను. ఇష్టమైతే రా, లేకపోతే లేదు."

తొమ్మిది కాకముందే వచ్చి నడవాలో నిలబడి ఉన్నాడాయన. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. తలకు నూనె రాసుకుని నున్నగా దువ్వుకున్నాడు, బళ్ళో చేరే పిల్లాడిలా.

టీచరమ్మ బెంచీ మీద కూర్చోలేదు. కుర్చీ తెచ్చి దూరంగా వేసుకుంది. "ఎడమ చెయ్యి పెట్టు. చిటికెన వేలుతో ఆ ఒక్క మెట్టే. నొక్కి పట్టుకో, వదలకు. దాని మీద కుడి చెయ్యి నడిపించు. పైకి లెక్కపెట్టు."

ఆయన మొదలుపెట్టాడు. కుడి చెయ్యి కదలగానే ఎడమ చెయ్యి లేచిపోయింది.

"తప్పు."

ఆయన చటుక్కున తలెత్తి చూశాడు. "ఎక్కడ?"

"ఎడమ చెయ్యి వదిలేశావు. మళ్ళీ."

మళ్ళీ వదిలేశాడు. మళ్ళీ తప్పంది. మూడో వేలు పడాల్సిన చోట రెండో వేలు పడింది. తప్పంది. ఆయన లెక్క మరిచిపోయి గుటకలు మింగుతూ ఆగిపోయినప్పుడు, లేచి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుని చేతులు కలపాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"అబ్బబ్బ, మీ అమ్మ నయం! ఇంతలా సాధించలేదు," అన్నాడాయన నుదుటి చెమట తుడుచుకుంటూ. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"మాటలు తర్వాత. చివరి ముక్క మళ్ళీ."

వంటింటి గుమ్మంలో బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అల్లుడు చప్పట్లు కొట్టే సాహసం చెయ్యలేదు.

ఎంతసేపటికో, కింద ఒక స్వరం గట్టిగా పట్టుకుని ఉండగా, దాని మీద మిగతావి తప్పటడుగులతో చివరి దాకా నడిచాయి. పాట అంటే పాట కాదు, చాలా చిన్నది. కానీ అందులో ఇంకెవరి చెయ్యీ లేదు. ఆయన చేతులు మెట్ల మీదే ఉంచేసి కదలకుండా కూర్చున్నాడు. స్వరం సన్నగా సాగి సాగి ఆగిపోయింది.

"ఇది నేనే వాయించానా?"

"నువ్వే నాన్నా."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "అయ్యో, ఏడుస్తావేంటి? మరీ అంత అన్యాయంగా ఉందా?"

ఆమె కన్నీళ్ళలోంచే నవ్వేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నాన్నా, నీకు తోడుగా వాయించడం మానాలంటే నాకే కష్టంగా ఉంది. పొద్దస్తమానం అందరిదీ వినడమే గానీ నాతో వాయించేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే నిన్ను అక్కడే కూర్చోబెట్టేశాను."

ఆయన చాలాసేపు ఆమె మొహం వైపే చూశాడు. తన ఒంటరితనమే పెద్దదనుకుని ఇన్నాళ్ళూ ఈ పిల్ల మొహం సరిగ్గా చూడలేదేమో అనిపించింది ఆయనకు.

"అయితే ఆ కింది వరస నేను నేర్చుకుంటాను," అన్నాడు. "రెండు చేతులతో నువ్వు వాయిస్తావే, అది. పైన నువ్వు వాయించు. నువ్వెక్కడన్నా తడబడితే నేను ఆగుతాలే."

"అది చాలా కష్టం నాన్నా. రావడానికి చాలా కాలం పడుతుంది."

"పట్టనీ అమ్మడూ," అంటూ ఆయన మళ్ళీ ఎడమ చెయ్యి మెట్ల మీద పెట్టాడు. "ఆదివారాలకేం తక్కువ?"